కిడ్నీ ఇస్తానన్నవాళ్లకే ప్రేమ ఉన్నట్టా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీ అన్నయ్యకు 38 ఏళ్లు, రెండు కిడ్నీలూ దెబ్బతిని డయాలసిస్ నడుస్తోంది. డాక్టరు మార్పిడి మాట ఎత్తగానే 61 ఏళ్ల మీ అమ్మగారు "నాది తీసుకోండి" అన్నారు. మీ వదినగారు "ఆలోచించుకుని చెప్తాను" అన్నారు. అప్పట్నుంచి ఇంట్లో ఆవిడతో మాటలు తగ్గాయి. "ఏదైనా వదులుకోవాల్సి వచ్చినప్పుడే మనిషికి ఎవరు ముఖ్యమో బయటపడుతుందంటారు, నిజమేనా?" అని అడిగారు.

సగమే నిజం. త్యాగం మనిషి మనసులో ఏముందో చూపించగలదు, అయితే "ఇవ్వను" అనే దారి ఆ మనిషికి నిజంగా తెరిచి ఉన్నప్పుడు మాత్రమే. ఆ దారి మూసేసిన ఇంట్లో ఎవరైనా కిడ్నీ ఇస్తే, ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తెలుస్తుంది గానీ ప్రేమ సంగతి తెలియదు. ఇక "ఆలోచించుకుంటాను" అన్న మాటను పట్టుకుని ప్రేమ లేదని తేల్చడానికి ఏ ఆధారమూ లేదు. డోనర్లకు కౌన్సెలింగ్ చేయడమే నా పని కాబట్టి అక్కడ రోజూ కనిపించే విషయాలతోనే కారణాలు చెప్తాను.

ముందు ఖరీదు సంగతి చూద్దాం. ఇద్దరూ ఇచ్చేది ఒక కిడ్నీయే కదా అనిపిస్తుంది. కానీ 61 ఏళ్ల తల్లికీ, ముప్పైల్లో ఉన్న భార్యకూ దాని ఖరీదు ఒకటి కాదు.

ఆపరేషన్ ప్రమాదం ఇద్దరికీ తక్కువే. అమెరికాలో డోనర్ల రికార్డులన్నీ చూసి 2010లో వేసిన లెక్కలో ఆపరేషన్ అయిన 90 రోజుల్లోపు చనిపోయినవాళ్లు పదివేలమందికి ముగ్గురు. ఇప్పుడు ఎక్కువగా లాప్రోస్కోపీలోనే, అంటే చిన్న గాట్లు పెట్టి కెమెరా సాయంతోనే తీస్తారు. మూడు నుంచి అయిదు రోజులు ఆసుపత్రిలో ఉంటారు, ఆరు వారాలపాటు బరువులు ఎత్తకూడదు. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమైతే నెల రోజుల్లో వెళ్లిపోవచ్చు. పొలం పనో, కూలి పనో అయితే రెండు మూడు నెలల ఆదాయం పోతుందని ముందే లెక్క వేసుకోవాలి. మిగిలిన కిడ్నీ మెల్లగా పుంజుకుని, రెండూ ఉన్నప్పటి పనిలో సుమారు 70 శాతం దాకా అందుకుంటుంది.

తేడా వచ్చేది ఆ తర్వాతి ఏళ్లలో. 2014లో వచ్చిన ఇంకో అమెరికా లెక్క ప్రకారం జీవితకాలంలో డోనర్‌కే కిడ్నీ పూర్తిగా పాడయ్యే అవకాశం పదివేలకు 90. అంతే ఆరోగ్యంగా ఉండి ఇవ్వనివాళ్లలో అది పదివేలకు 14. రెండూ చిన్న అంకెలే. కానీ ఆ ముప్పుకు ఎదురుగా మిగిలిన ఆయుష్షు మీ అమ్మగారికి ఇరవై ఏళ్లో పాతికేళ్లో, మీ వదినగారికి యాభై ఏళ్లు. ఆ యాభై ఏళ్లలో షుగర్ రావచ్చు, బీపీ రావచ్చు. ఆవిడ పుట్టింట్లో షుగర్ ఉంటే ఆ భయం ఇంకా నిజమైనది. మళ్లీ పిల్లలు కావాలనుకుంటే ఇంకో సంగతి ఉంది: కెనడాలో 2015లో వచ్చిన పరిశీలనలో కిడ్నీ ఇచ్చిన తర్వాత గర్భం దాల్చినవాళ్లలో నూటికి 11 మందికి బీపీ సమస్యలు వచ్చాయి, ఇవ్వనివాళ్లలో 5 మందికి. చాలామంది క్షేమంగానే కంటారు. అయినా ఆ నిర్ణయం ముందు నిలబడిన స్త్రీకి ఆ 11 చిన్న అంకెలా అనిపించదు.

దీనికి తోడు ఇంట్లో ఎవరూ పైకి అనని లెక్క ఒకటుంది. భర్తకు భార్య ఇస్తే ఇద్దరూ ఒకేరోజు ఆపరేషన్ బల్ల మీద ఉంటారు. పిల్లల్ని బడికి ఎవరు పంపాలి? ఆసుపత్రిలో ఇద్దరి దగ్గరా ఎవరు ఉండాలి? మార్పిడి అయిన మనిషిని మొదటి మూడు నెలలు ఇన్ఫెక్షన్ తగలకుండా విడిగా చూసుకోవాలి, ఆ పని ఇంతవరకూ చేస్తున్నది భార్యే. ఆవిడే కోలుకుంటుంటే ఎవరు చేస్తారు? తల్లి ఇస్తే భార్య చూసుకుంటుంది. భార్య ఇస్తే ఎవరు చూసుకుంటారన్న ప్రశ్నకు ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేకపోతే, "ఆలోచించుకుంటాను" అన్నది ఆ ఇంట్లో అందరికంటే బాధ్యతగా అన్న మాట కావచ్చు.

ఇంకొకటి. మీ అన్నయ్యకు 38 ఏళ్లే. బతికున్నవాళ్లు ఇచ్చిన కిడ్నీ మంచి సెంటర్లలో నూటికి తొంభైకి పైగా కేసుల్లో మొదటి ఏడాది బాగా పనిచేస్తుంది, చాలామందికి పది పదిహేనేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువే నడుస్తుంది. అంటే ఈ వయసు పేషెంటుకు జీవితంలో రెండో మార్పిడి అవసరం పడవచ్చు. అందుకే చాలాచోట్ల తల్లి ఆరోగ్యంగా ఉంటే ముందు ఆవిడది తీసుకుని, చిన్నవయసు డోనర్‌ను తర్వాతికి ఉంచుతారు. తల్లికి 70 దాటాక ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది కదా. ఈ వరసను మీ నెఫ్రాలజిస్టుతో, అంటే కిడ్నీ డాక్టరుతో, విడిగా మాట్లాడండి. అమ్మ ఇస్తానంది, వదిన అనలేదు అని మీకు కనిపిస్తున్నది వైద్యపరంగా సరైన క్రమమే అయి ఉండవచ్చు.

ఇక అసలు సిద్ధాంతానికి వద్దాం. మనిషి దేన్ని ఎంచుకున్నాడో చూస్తే అతనికి ఏది ఇష్టమో తెలుస్తుందన్న ఆలోచనను అర్థశాస్త్రంలో 1938లో పాల్ శామ్యూల్సన్ ఒక పద్ధతిగా పెట్టాడు. ఆ పద్ధతిలోనే ఒక షరతు ఉంది, జనం దాన్ని మర్చిపోతారు. రెండోది కూడా ఆ మనిషి స్తోమతకు అందుబాటులో ఉండి, దాన్ని వదిలి మొదటిది తీసుకుంటేనే మొదటిది ఇష్టమని చెప్పగలం. అందని దాన్ని తీసుకోలేదని చెప్పి ఇష్టాయిష్టాలు తేల్చలేం. కిడ్నీ విషయంలో స్తోమత అంటే డబ్బు ఒక్కటే కాదు. ఇవ్వనంటే మెట్టినింట్లో నిలబడగలదా, పుట్టింటివాళ్లు అండగా ఉంటారా, చేతిలో సొంత సంపాదన ఉందా, ఇవన్నీ కలిపి.

అందుకే డోనర్‌ను ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడేటప్పుడు "ఎందుకు ఇస్తున్నారు?" అన్న ప్రశ్న కంటే "ఇవ్వకపోతే ఇంట్లో ఏమవుతుంది?" అన్న ప్రశ్నకు ఎక్కువ విలువ ఇస్తాం. ఎందుకు అంటే అందరూ ఒకేలా చెప్తారు: నా భర్త కదా, నా బిడ్డ కదా. రెండో ప్రశ్న దగ్గరే తేడా తెలుస్తుంది. "ఏమీ కాదు, ఇంకో డోనర్ కోసం చూస్తాం, లేకపోతే డయాలసిస్ సాగిస్తాం, కానీ నేనే ఇస్తాను" అని చెప్పే మనిషిది నిజమైన ఎంపిక. "ఏమవుతుందా? ఇంక ఆ ఇంట్లో నా మొహం ఎవరు చూస్తారు?" అంటే అక్కడ ఆగాలి. ఆ రెండో మనిషికి ప్రేమ లేదని కాదు. ఉండవచ్చు, నిండా ఉండవచ్చు. ఆవిడ ఇవ్వడం చూసి అది ఉందని చెప్పలేం, అంతే.

ఒత్తిడిలో ఉన్న డోనర్ నోటితో ఆ మాట అనడం అరుదు. కొన్ని గుర్తులు చెప్తాను, మీ ఇంట్లో కూడా గమనించుకోవచ్చు. అడిగిన ప్రతిదానికీ పక్కవాళ్లే జవాబు చెప్తుంటారు. రక్తపరీక్షలకు వచ్చి, డీటీపీఏ స్కాన్ (ఒక్కో కిడ్నీ ఎంత పనిచేస్తుందో చూసేది) రోజు మాత్రం ఏదో కారణంతో రారు, రెండోసారీ రారు. ప్రతి రిపోర్టు రాగానే "ఇందులో ఏమైనా తేడా వచ్చిందా?" అని ఆశగా అడుగుతారు, అంతా నార్మల్ అని చెప్తే మొహంలో సంతోషం కనిపించదు. ఇలాంటప్పుడు పని ఆపి, వారం పదిరోజుల తర్వాత మళ్లీ విడిగా మాట్లాడాలి. డోనర్ ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చు, మత్తు ఇచ్చే చివరి నిమిషం వరకూ. సంతకం పెట్టేశావు కదా అనడానికి ఎవరికీ హక్కు లేదు.

ఆసుపత్రివాళ్లు ఎవరినైనా "డోనర్‌గా సరిపోరు" అని చెప్తే కారణం తవ్వకండి. డోనర్ రిపోర్టులు డోనర్ సొంతం. కుటుంబానికి వివరం చెప్పాల్సిన అవసరం లేదు, చెప్పకూడదు కూడా. ఆ గోప్యత ఉంటేనే తర్వాత వచ్చే డోనర్ ధైర్యంగా నిజం మాట్లాడతాడు.

చట్టం కూడా త్యాగాన్ని దాని మొహం చూసి నమ్మదు. అవయవ మార్పిడి మీద 1994 నాటి కేంద్ర చట్టంలో భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు దగ్గరి బంధువుల జాబితాలో ఉన్నారు. 2011 సవరణ తాతలు, అమ్మమ్మ నాయనమ్మలు, మనవలను కూడా చేర్చింది. ఈ జాబితాలో లేనివాళ్లు, అంటే మరిదికి వదిన, మామగారికి కోడలు, బావమరిదికి బావ, ఇవ్వాలంటే పేషెంటు మీద మమకారంతోనో ఇంకేదైనా ప్రత్యేక కారణంతోనో ఇస్తున్నట్టు, అనుమతి ఇచ్చే ఆథరైజేషన్ కమిటీ ముందు తేలాలి. మమకారం ఉందని ఎలా తేలుస్తారు? 2014 నియమాల్లో చూడండి: ఇద్దరి మధ్య సంబంధం ఏమిటి, ఇస్తానన్న మాట ఏ పరిస్థితుల్లో వచ్చింది, ఇద్దరూ కలిసి ఉన్న పాత ఫోటోలు, మధ్యవర్తి ఎవరైనా ఉన్నాడా, గత మూడేళ్ల ఆదాయం చూస్తే ఇద్దరి స్థితిగతుల్లో విపరీతమైన తేడా ఉందా, డోనర్ ఇంటివాళ్లకు ఈ సంగతి తెలుసా. మనిషి తన కిడ్నీ ఇస్తానని స్వయంగా వచ్చి నిలబడినా కమిటీ ఇంత అడుగుతుంది. పేదవాడు డబ్బున్నవాడికి "అభిమానంతో" ఇస్తున్నానని చెప్పిన త్యాగం వెనక ఏముంటుందో ఈ దేశం చాలాసార్లు చూసింది కాబట్టే ఆ నియమాలు వచ్చాయి. అవయవాల అమ్మకానికి కేంద్ర చట్టం అయిదు నుంచి పదేళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా పెట్టింది.

దగ్గరి బంధువుల మధ్య మాత్రం బంధుత్వం రుజువైతే పని సులువుగా సాగిపోతుంది. నా అభిప్రాయంలో లోటు అక్కడే ఉంది. డబ్బు ఒత్తిడిని పట్టుకోవడానికి చట్టం కళ్లు పెట్టింది. ఇంటి ఒత్తిడిని పట్టుకోవడం కౌన్సెలర్ చేతిలో, డాక్టర్ చేతిలో మిగిలిపోయింది.

ఇంటి ఒత్తిడి ఎంత ఉంటుందో అంకెల్లో కూడా కనిపిస్తుంది. 2018 నుంచి 2023 వరకు మన దేశంలో బతికుండగా అవయవం ఇచ్చినవాళ్లలో ముగ్గురిలో దాదాపు ఇద్దరు ఆడవాళ్లు. తీసుకున్నవాళ్లలో పదిమందిలో సుమారు ఏడుగురు మగవాళ్లు. త్యాగమే ప్రేమకు కొలత అయితే ఈ దేశంలో భార్యలకు భర్తల మీద ఉన్న ప్రేమ, భర్తలకు భార్యల మీద లేదని రాసుకోవాలి. అది అన్యాయమైన తీర్పు అవుతుంది. ఎవరిని ముందు అడుగుతారు, ఎవరి జీతం ఆగితే ఇల్లు ఆగుతుంది, ఎవరు కాదంటే ఎక్కువ మాటలు పడాలి, ఆ అంకెల్లో ఇవన్నీ కలిసి ఉన్నాయి. శరీరధర్మం కూడా కొంత ఉంది. గర్భం దాల్చినప్పుడు బిడ్డ ద్వారా వచ్చిన భర్త తాలూకు కణాలకు భార్య ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి. తర్వాత ఎప్పుడైనా ఆవిడకే కిడ్నీ అవసరమై భర్త ఇస్తానన్నా, క్రాస్‌మ్యాచ్ (ఇచ్చేవాళ్ల కణాల మీద తీసుకునేవాళ్ల యాంటీబాడీలు దాడి చేస్తాయేమో చూసే పరీక్ష) పాజిటివ్ వచ్చి కుదరకపోవచ్చు. బయటినుంచి చూసేవాళ్లకు భర్త ఇవ్వలేదని మాత్రమే తెలుస్తుంది.

మరి మీ అమ్మగారు క్షణం ఆలోచించకుండా అన్నారే, అందులో ఏమీ లేదా అంటే, ఉంది. దాన్ని తక్కువ చేయను. 1960ల చివర్లో అమెరికాలో ఫెల్నర్, మార్షల్ అనే ఇద్దరు సైకియాట్రిస్టులు కిడ్నీ డోనర్లతో మాట్లాడి గమనించింది ఇదే: చాలామంది లాభనష్టాలు బేరీజు వేసి నిర్ణయం తీసుకోలేదు. సంగతి చెవిన పడిన క్షణంలోనే, ఫోన్లో విన్నప్పుడే, నిర్ణయం అయిపోయింది. డాక్టర్లు తర్వాత చెప్పిన వివరాలేవీ దాన్ని మార్చలేదు. తల్లుల్లో ఇది మరీ ఎక్కువ కనిపిస్తుంది. అక్కడ త్యాగం నిజంగానే లోపల ఎప్పట్నుంచో ఉన్నదాన్ని చూపిస్తోంది. కానీ తక్షణం రాకపోతే లోపల లేదని దీన్ని తిరగేసి చెప్పలేం. కొందరు మనుషులు పెద్ద విషయాల్లో నెమ్మదిగానే కదులుతారు, పెళ్లికైనా, ఇల్లు కొనడానికైనా. అదీగాక తక్షణం అన్న మాటలో వివరాలు తెలుసుకుని ఇచ్చిన ఒప్పుదల ఉండదు. అందుకే అమ్మగారికి కూడా ప్రమాదాలన్నీ వివరించి, అప్పుడు మళ్లీ ఒకసారి అడగాలి. "ఇవన్నీ నాకెందుకు, కోసేయండి" అంటారు తల్లులు. అయినా కూర్చోబెట్టి చెప్పాలి.

ఇంకో చిక్కుంది. త్యాగం ఉన్న విలువను చూపించడమే కాదు, లేని విలువను పుట్టిస్తుంది కూడా. 1959లో ఆరన్సన్, మిల్స్ చేసిన ప్రయోగం ప్రసిద్ధమైనది: ఒక బృందంలో చేరడానికి ఎక్కువ ఇబ్బంది పడ్డ విద్యార్థినులు, ఆ బృందం చర్చ ఎంత చప్పగా ఉన్నా, తేలిగ్గా చేరినవాళ్ల కంటే ఎక్కువ మెచ్చుకున్నారు. ఇంత ఇచ్చాను కాబట్టి ఇది విలువైనదే అయి ఉండాలని మనసు సర్దుకుంటుంది. చాలామంది డోనర్లు ఏళ్ల తర్వాత కూడా మళ్లీ ఇవ్వాల్సి వచ్చినా ఇస్తామంటారు. అది సంతోషమే. కానీ ఆ మాటలో మొదట్నుంచీ ఉన్న ప్రేమ ఎంత, ఇచ్చాక పెరిగిన బంధం ఎంత అని విడదీయడం ఆ డోనర్ వల్ల కూడా కాదు.

దీనికి చేదు వైపు కూడా ఉంది. ఫాక్స్, స్వేజీ అనే ఇద్దరు పరిశోధకులు 1970ల్లోనే రాశారు, తీర్చలేని కానుక తీసుకున్నవాడిని అణిచేస్తుందని. "నా కిడ్నీ పెట్టుకుని నాకే ఎదురు చెప్తావా" అన్న మాట కోపంలో ఒక్కసారి వచ్చినా చాలు, ఆ మనిషి మళ్లీ మామూలుగా మాట్లాడలేడు. అందుకే డోనర్లను ఇంకో ప్రశ్న అడుగుతాం: "ఈ కిడ్నీ ఏడాదిలోపే పాడైపోతే మీకెలా ఉంటుంది?" బాధపడతాను గానీ ఇచ్చినందుకు కాదు అనేవాళ్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నట్టు. "అలా ఎలా పాడవుతుంది, నేను ఇచ్చింది కదా" అనేవాళ్లకు ఇంకొంత సమయం కావాలి. మీ అమ్మగారిని, మీ వదినగారిని ఇద్దర్నీ ఈ ప్రశ్న అడగమని కౌన్సెలర్‌కి చెప్పండి. మీరు అడగొద్దు, ఇంట్లోవాళ్లు అడిగితే నిజం రాదు.

ఇప్పుడు మీ వదినగారి వైపు ఒకసారి చూడండి. వారానికి మూడు డయాలసిస్‌లు, ఒక్కోటి నాలుగు గంటలు, రానూపోనూ ప్రయాణం కలిపితే మూడు రోజులూ గడిచిపోతాయి. తోడు ఎవరు వెళ్తున్నారు? ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారు? డయాలసిస్ పేషెంటు వంటంటే మామూలు వంట కాదు. పొటాషియం తగ్గాలంటే బంగాళాదుంపను చిన్న ముక్కలు తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు తాలింపు వేయాలి. పచ్చళ్లు, అప్పడాలు, కొబ్బరినీళ్లు దూరం పెట్టాలి. ముందురోజు వచ్చిన మూత్రం కొలిచి, దానికి అర లీటరు కలిపి, రోజంతటికీ అన్నే నీళ్లు సీసాలో పోసి పెట్టాలి. మజ్జిగ, చారు, కాఫీ కూడా అందులోంచే తీసేయాలి. దాహం అంటున్న మనిషికి వద్దని చెప్పాలి, ఆ కోపం భరించాలి. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి బరువు తగలకుండా, ఆ చేతికి ఎవరూ బీపీ పట్టీ కట్టకుండా కాపలా కాయాలి. ఈ పని ఆ ఇంట్లో ఎవరు చేస్తున్నారో నాకు తెలియదు, మీకు తెలుసు. ఎవరు దేనికి విలువ ఇస్తారో తెలుసుకోవాలంటే ఒక్కసారి చేసే పెద్ద త్యాగం కంటే, ఎవరూ చూడని చోట రోజూ జరిగే చిన్న త్యాగం నాకు ఎక్కువ నమ్మకమైన ఆధారం. పెద్దదానికి ఊరంతా సాక్ష్యం, మెప్పు ఉంటుంది, నింద భయమూ ఉంటుంది. రోజూ నీళ్లు కొలిచేదానికి అవేవీ ఉండవు.

మీరు రాసిన దాంట్లో ఒక మనిషి కనిపించలేదు. మీరు. తమ్ముడిగా మీరు కూడా చట్టం లెక్కలో దగ్గరి బంధువే, తోబుట్టువుల మధ్య మ్యాచ్ బాగా కుదిరే అవకాశమూ ఉంది. మీరు ఇవ్వాలని అనడం లేదు, నిజంగా అనడం లేదు. మీకు చిన్నపిల్లలు ఉండవచ్చు, బీపీ ఉండవచ్చు, ఉద్యోగం అలాంటిది కావచ్చు, భయం కావచ్చు. భయం కూడా కారణమే. మీ కారణాలు మీకు లోపలినుంచి తెలుసు కాబట్టి అన్నయ్య మీద ప్రేమ లేదేమో అన్న అనుమానం మీ మీద మీకు రాలేదు. వదినగారి కారణాలు మీకు బయటినుంచి ఒక్క మాటగానే వినిపించాయి. ఆ ఒక్క మాట మీద తీర్పు నిలవదు.

చేయాల్సిన పనులు చెప్తాను.

ముందు మీ అన్నయ్య పేరు జీవన్‌దాన్‌లో నమోదు చేయించండి. బ్రెయిన్‌డెడ్ అయినవాళ్ల నుంచి వచ్చే అవయవాల కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే దారి. చికిత్స చేస్తున్న ట్రాన్స్‌ప్లాంట్ ఆసుపత్రి కోఆర్డినేటర్ ద్వారానే నమోదవుతుంది. నిరీక్షణ ఎక్కువే. అయినా ఇంకో దారి తెరిచి ఉందని ఇంట్లో అందరికీ తెలియడం వల్లే ఒత్తిడి సగం తగ్గుతుంది. దానివల్ల ఇచ్చేవాళ్ల ఒప్పుదల కూడా నిజమైనది అవుతుంది.

తర్వాత, పరీక్షలు ఖర్చు తక్కువ వాటితో మొదలుపెట్టండి. అమ్మగారికి ముందు బ్లడ్ గ్రూప్ (పాజిటివ్, నెగటివ్ తేడా అడ్డం కాదు, ఏ, బీ, ఓ చూస్తే చాలు), వేర్వేరు రోజుల్లో బీపీ, షుగర్ మూడు నెలల సగటు, క్రియేటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్, అల్ట్రాసౌండ్. 61 ఏళ్ల వయసులో ఇక్కడే చాలామంది ఆగిపోతారు. షుగర్ ఉంటే మన దగ్గర సాధారణంగా వద్దంటారు. ఇవి దాటితేనే హెచ్‌ఎల్‌ఏ (ఇద్దరి కణజాలం ఎంత కలుస్తుందో చూసేది), క్రాస్‌మ్యాచ్, డీటీపీఏ స్కాన్, సీటీ యాంజియో (కిడ్నీ రక్తనాళాల స్కాన్). కిడ్నీల వడపోత వేగం నిమిషానికి 90 మిల్లీలీటర్లు దాటితే నిశ్చింత, 60 లోపు అయితే వద్దు, మధ్యలో ఉంటే వయసు చూసి డాక్టరు తేలుస్తారు. రెండు కిడ్నీల్లో తేడా ఉంటే మెరుగైనది డోనర్‌కే ఉంచుతారు. ఈ పరీక్షలు పూర్తయ్యేదాకా వదినగారు ఇవ్వాలన్న ప్రస్తావనే ఇంట్లో తేవొద్దు. అమ్మగారిది కుదరకపోతే అప్పుడు మాట్లాడవచ్చు.

మీది ఉద్దానం వైపు అయితే, అంటే పలాస, కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాలైతే, ఈ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అక్కడ ఒకే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి కిడ్నీ జబ్బు వస్తోంది, కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. ఈరోజు రిపోర్టు బాగున్న తమ్ముడో, కొడుకో రేపు పేషెంటు కావచ్చు. అక్కడి రక్తసంబంధీకులు వెనకాడితే దాన్ని జాగ్రత్తగానే చూడాలి.

డోనర్ ఎవరైనా సరే, వాళ్ల ఖర్చు విడిగా రాసుకోండి: పోయే కూలి లేదా జీతం, పరీక్షలు, ప్రయాణాలు, తర్వాత ఏటా బీపీ, క్రియేటినిన్, మూత్రపరీక్ష. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి డోనర్ అయితే 2023 ఉత్తర్వు ప్రకారం 42 రోజుల దాకా ప్రత్యేక సెలవు ఉంటుంది. నొప్పి బిళ్లలు డోనర్ జీవితాంతం డాక్టరును అడక్కుండా వేసుకోకూడదు. ఇది చాలా ఇళ్లలో ఏడాదికే మర్చిపోతారు, మోకాళ్ల నొప్పులని డైక్లోఫెనాక్ వేసేస్తారు.

వదినగారికి కౌన్సెలర్‌తో ఒక్కరే మాట్లాడే సమయం అడిగి పెట్టించండి. మీరెవరూ ఆవిడతో లోపలికి వెళ్లకండి, బయటికొచ్చాక ఏం మాట్లాడారని అడగకండి. ఆవిడ ఇస్తానన్నా, ఇవ్వనన్నా, ఇంట్లో మాటలు మళ్లీ మామూలుగా ఉంటాయని అంతకుముందే మీ అన్నయ్య నోటితో ఆవిడకు చెప్పించండి. అమ్మగారి చేత కూడా చెప్పించగలిగితే ఇంకా మంచిది. అత్తగారి నుంచి వచ్చిన ఆ మాటకు కోడలి దగ్గర ఉండే బరువు ఇంకెవరి మాటకూ ఉండదు.